తోక మీద అయిదక్షరాలు

నెల్లిమర్ల రోడ్డులో, మూసేసిన గోనెసంచుల గోడౌన్లో
టార్పాలిన్ ఎత్తి చూపించారు.
ఇంతేనా, అనుకున్నాను.
మా బావ ఆటోకన్నా కాస్త పెద్దది,
తూనీగకున్నట్టు సన్నటి తోక.
రెక్కలు రెండూ విప్పి గోడకి చేరవేశారు,
సున్నాలు వేసేవాళ్ల నిచ్చెనల్లా.

ముప్ఫయ్యేళ్లుగా లారీలకి రాస్తున్నవాణ్ణి.
డాలాకి తామరపువ్వు, అటొక చిలక, ఇటొక చిలక,
నడుమ పైడితల్లి అమ్మవారి పేరు.
"పువ్వులొద్దు దాలినాయుడూ," అన్నారు
బెహరా ఉమామహేశంగారు,
దాని ఇంజనీరు, పగలు కూడా జేబులో టార్చి పెట్టుకునే మనిషి.
"వంకర్లొద్దు, నీడలొద్దు.
ఎత్తు ఇంత, మందం ఇంత.
కింద నిలబడ్డవాడు చదవగలగాలి."
వీ, టీ, ఒక చిన్న గీత, మరో మూడు.
రెండు వైపులా రాస్తే రెండు వేలు.

కుడివైపు తెలుపు మీద తెలుపే వేశాను.
అక్షరాలు ఆరుతుంటే
ఆయన ఎర్రట్ట పుస్తకాలు మూడు తీశారు.
పుట్టింది ఏదో చలిదేశంలో,
గొర్రెల మందల మీద తిరిగిందట.
కరెంటు తీగ తగిలింది. బాగుచేశారు, అమ్మేశారు.
దేశం మారింది, పేరు మారింది.
ఇంజను పక్కన రేకుముక్క మీద నంబరు మాత్రం మారలేదు.
రెండో దేశంలో కుర్రాళ్లకి ఎగరడం నేర్పింది.
ఒకరోజు గాల్లో రెక్క చుట్లు తగ్గాయి.
అక్కడాగి ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.
"చుట్లు తగ్గితే ఎంత టైముంటాదండీ?"
"'ఒకటీ' అను."
"ఒకటీ."
"అంతే."

పుస్తకంలో తేదీ ఉంది.
ప్రధాన రెక్కలు మార్చబడినవి.
తోక గొట్టం కొత్తది వేయబడినది.
అద్దం, కాళ్లు, ఎడమ సీటు మార్చబడినవి.
ఎడమ సీట్లో ఎవరున్నారో
రాసుకోడానికి గడి లేదు.

మర్నాడు ఎడమవైపు.
రంగు పొక్కులు లేచి ఉంది, గీకక తప్పలేదు.
నీళ్లలో ముంచిన ముతక పేపరు,
చెయ్యి కాస్త బలంగా పడింది.
తెలుపు పోయి నీలం. నీలంలో ఆ రెండో దేశం పేరు.
నీలం పోయి పసుపు.
పసుపులో మూడక్షరాలు,
మూడు పుస్తకాల్లోనూ ఎక్కడా లేనివి.
నాలాంటోడెవడో రాశాడు,
పెన్సిలు గీత చెరపడం కూడా మర్చిపోయాడు.

మహేశంగారు టార్చి వేసి చాలాసేపు చూశారు.
బియ్యంలో రాళ్లేరినట్టు
రివెట్ల వరస వేలితో తడిమారు.
"కొత్తదని రాశారు," అన్నారు మెల్లగా.
"ఇది ఇంకో కూలినదాని తోక."

కాంట్రాక్టరు గొట్టాపు త్రినాథం వచ్చి అరిచాడు.
బొబ్బిలిలో పెళ్లి ఒప్పుకున్నాడట,
పైనుంచి పూలు చల్లాలట,
బంతిపూలకి అడ్వాన్సు ఇచ్చేశాడట.
"రంగు కిందున్నది ఎవుడికి కనిపిస్తాదండీ?
పైన ఏసీమనండి!"
మహేశంగారు సంతకం పెట్టాల్సిన కాగితం చూశారు,
పెన్నుకి మూత పెట్టారు.
టిక్కుమని చిన్న చప్పుడు,
ఒకటీ అనేంతసేపు కూడా పట్టలేదు.

నా రెండు వేలు రాలేదు.
రంగు డబ్బాలు సైకిలుకి కట్టుకుని వచ్చేశాను.
అది ఇప్పటికీ అక్కడే ఉందంటారు,
కుడివైపు నా అయిదక్షరాలు నల్లగా, నిటారుగా,
ఎడమవైపు ఎవరిదో, ఎప్పటిదో పసుపు.

మొన్న గజపతినగరం లారీ డాలా గీకుతుంటే
ఎరుపు కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చలో ఎవరో పిల్ల పేరు.
"ఎవరిదండీ ఇది?" అనడిగాను.
"తెలీదు, సెకండ్ హేండు బండి. ఏసీ పైన."
బ్రష్షు కిరసనాయిల్లో పెట్టి
కాసేపలాగే కూర్చున్నాను.