సుడి

కెన్సింగ్టన్‌లో మా వీధికి ఎండుగడ్డి వాసన.
ఫ్లెమింగ్టన్ పందేల మైదానం గోడ దూకి వచ్చి
బడికెళ్ళే నా జడల్లో కూర్చునేది.

ఎనిమిదేళ్ళొచ్చినా ఏడో ఎక్కం రాదు నాకు,
గెలిచిన గుర్రాల పేర్లు మాత్రం
ఏడాది వరసన అప్పజెప్పేదాన్ని.
నేర్పింది పక్కింటి డూలన్ ముసలాయన,
ముప్ఫై ఏళ్ళు గుర్రాలకు మాలీషు చేసినవాడు.
ఎడమచేతికి మూడే వేళ్ళు.
మిగతా రెండూ మహారాణి తినేసిందనేవాడు.
మహారాణి గుర్రమని
చాన్నాళ్ళకు గానీ తెలియలేదు నాకు.

నవంబరు మొదటి మంగళవారం
ఆయన రేడియో కిటికీలోకి వచ్చేది.
ఊరంతా ఊపిరి బిగబట్టిన ఆ మూడు నిమిషాలూ
నేను మా కంచె మీద స్వారీ.
దిగాక చూసుకుంటే
అరచేతుల నిండా పెచ్చులూడిన తెల్లరంగు.

ఒక ఆదివారం నాన్న మ్యూజియానికి తీసుకెళ్ళాడు.
గాజుపెట్టెలో ఫార్ లాప్.
తోలు ఇక్కడ, గుండె కాన్‌బెరాలో,
ఎముకలు సముద్రం అవతల న్యూజిలాండ్‌లో.
డూలన్ ముందే చెప్పాడు.
అయినా నేను డొక్కవైపే చూస్తూ నిలబడ్డాను,
ఎక్కడైనా కదులుతుందేమోనని.

అందరూ దాని ఎత్తు చూసి నోళ్ళు తెరుస్తున్నారు.
నాన్న మాత్రం గాజుకు ముక్కు ఆనించి
సుడులు వెతుకుతున్నాడు.
నుదుట ఒకటి, మెడ కింద ఒకటి,
ఇటునుంచి అటు, అటునుంచి ఇటు,
పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలా.
కాపలావాడు రెండుసార్లు దగ్గాడు.

"మీ తాత లాలుసాహెబు
బాపట్ల స్టేషను బయట జట్కా తోలేవాడు.
గుర్రాన్ని కొనాలంటే పళ్ళు తర్వాత, సుడి ముందు.
కంటికింద సుడి ఉంటే కన్నీటి సుడి,
ఎవడూ ముట్టుకోడు.
అందుకే మనకు చవగ్గా వచ్చింది."

పేరు మెరుపు.
మద్రాసు మెయిలు కూత పెడితే
కళ్ళెం లాగకముందే కదిలేదట.
సూర్యలంక ఇసకదారిలో చక్రం కూరుకుపోతే
తాత దిగేదాకా ఆగి
వెనక్కి తిరిగి చూసేదట, తప్పు తనదే అయినట్టు.
ఉలవలు దానికి,
ఉడికిన నీళ్ళు ఇంటిల్లిపాదికీ చారు.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు,
మెరుపుకి నిజంగానే చూపు పోయింది.
ఉలవలు తగ్గలేదు.

"చచ్చిపోయాక దాని తోలేం చేశారు?" అన్నాను.
నాన్న ఐస్‌క్రీమ్ కొనిపెట్టాడు.

ఆ సాయంత్రం కంచె మీదినుంచి డూలన్‌తో చెప్పాను,
మాకూ ఒక పేరుమోసిన గుర్రం ఉండేదని.
ఎన్ని కప్పులు గెలిచిందని ఆయన అడగలేదు.
పేరు అడిగాడు. అర్థం అడిగాడు.
మూడు వేళ్ళతో గడ్డం గోక్కున్నాడు.
"ఫార్ లాప్ అన్నా అదే కదమ్మా,
ఎక్కడో తూరుపు దేశపు మాటలో, మెరుపు."

నాన్న నమ్మలేదు.
వెల్డింగు చేసీ చేసీ ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చి
డూలన్ చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.
తర్వాత కంచెకు ఇవతల ఒకరూ అవతల ఒకరూ
డెక్కల గురించి, లాడాల గురించి,
ఒకరి ఇంగ్లీషు ఇంకొకరికి సగమే అర్థమవుతూ,
దోమలు లేచేదాకా.

ఇప్పుడు డూలన్ ఇంట్లో కాఫీ అమ్ముతున్నారు.
నేనూ అక్కడే తాగుతాను, బాగానే ఉంటుంది.

నిన్న తెల్లవారుజామున మారిబిర్నాంగ్ ఒడ్డున
ఒక పిల్ల గోధుమరంగు గుర్రాన్ని కడుగుతోంది.
అడిగి, అరచెయ్యి చాచాను.
వెచ్చటి ముక్కుపుటాలు వేళ్ళన్నీ లెక్కపెట్టుకున్నాయి.
ఎడమ కంటికింద, తడివెంట్రుకల్లో
గుండ్రంగా తిరిగిన చిన్న సుడి.

"చవగ్గా వచ్చిందా?" అన్నాను.
ఆ పిల్ల నవ్వింది.
"ఊరికే ఇచ్చారు. పందేనికి పనికిరాదని.
మీకెలా తెలుసు?"

సుడి అంటే ఏమిటో చెప్పబోయాను.
కన్నీళ్ళనీ చెప్పొచ్చు, అదృష్టమనీ చెప్పొచ్చు.
ఈలోగా గుర్రం
నా చేతిలోని ఉప్పంతా నాకేసింది.