అడుగు అడిగేది

కిల్పాక్‌లో ఒక ఆసుపత్రి వరండా.
నల్ల గ్రానైటు మీద మోకాళ్లూని
లోలకం పీటను మట్టం చేస్తున్నాను,
బుడగ నడిమికొచ్చేదాకా మరలు తిప్పుతూ.
బయట ఐప్పసి వాన
వచ్చే ప్రతి కాలికీ ఇంత నీళ్లు కట్టి లోపలికి పంపుతోంది.

మేనేజర్ తిరుమలై కాఫీ పంపాడు,
కాఫీతోపాటు ఒక మాట కూడా:
"నేలకేం లేదు సార్, అరిగిపోయింది చెప్పే."

ఆ చెప్పు నా పక్కన అట్టపెట్టెలో ఉంది.
నీలం పట్టీ, తెగినచోట పిన్నీసు,
మడమ బయటంచు ఉల్లిపొరంత పలచన.
దాని మనిషి పెంచలమ్మ గోడకానుకుని నిలబడింది,
మెడలోంచి వేలాడే కట్టులో కుడిచెయ్యి.
"కాలు జారితే తీసుకోవచ్చంటారే,
ఆ మాటన్నోళ్లు మణికట్టు మీద పడుండరు నాయనా."

లోలకం వదిలాను.
రబ్బరు నాలుక అర జానెడు నేలను నాకి
అవతలికి లేచింది.
ఎంత పైకి లేస్తే అంత చిన్న అంకె.
పొడి నేల, అరవై రెండు.
నీళ్లు చిలకరించాను, పంతొమ్మిది.
ఎనిమిదిసార్లు వదలాలి,
మొదటి మూడూ లెక్కలోకి రావు.
"నేను పడింది ఒక్కసారే గదా" అంది పెంచలమ్మ.

నా విద్యంతా ఇంతే:
అడుగు అడిగేదెంత, నేల ఇచ్చేదెంత.
తిన్నని నడక కాస్తే అడుగుతుంది.
మలుపు ఇంకాస్త.
పరుగు మాత్రం బేరమాడదు,
నేల దగ్గర లేనిది కూడా అడుగుతుంది.
అప్పుడు మడమ తనదారిన తాను ముందుకెళ్లిపోతుంది,
ట్యూబులైట్లు ముఖం మీదికి దిగుతాయి.

ఆ రోజు ఎట్లా నడిచావమ్మా?
"యాడ నడిచేది, లగెత్తా.
చేతిలో నిండు బక్కెట్టు.
మూడో వార్డులో ఎవరో కక్కుకున్నారని
సూపర్‌వైజరు ఒకటే కేకలు."

నా కాగితంలో చెప్పుకు గడి ఉంది, నేలకుంది,
తడికుంది, గది వేడికి కూడా ఉంది.
బక్కెట్టుకు లేదు.
కేకకు లేదు.
బరువెంత పెరిగినా నిష్పత్తి మారదని
పాలిటెక్నిక్‌లో బట్టీ పట్టాను.
మారలేదు, నిజమే.
విరిగింది వేరే.

ఇక చెప్పు అట్టలోంచి మూడంగుళాల ముక్క కోసి
యంత్రానికి బిగించాలి.
కత్తి తీశాను.
"కోస్తే ఇంటికెట్లా పోవాల? ఓట్టేరిదాకా నడకే నాకు."

కత్తి మడిచాను.
చెప్పు మీద ఇసుక సంచి పెట్టి
స్ప్రింగు త్రాసుతో తడిమీద ఈడ్చాను.
తర్వాత నా షూ విప్పి, అదే సంచి, అదే ఈడ్పు.
కొన్నది పోయిన నెల, బిల్లు ఇంకా జేబులో ఉంది.
రెండింటికీ తేడా గోరంత.
ఇది పద్ధతి కాదు, నివేదికకు ఎక్కదు.
ఒంటి మేజోడుతో నేలమీద కూర్చున్న నన్ను చూసి
ఒక నర్సు చుట్టూ తిరిగి వెళ్లింది.

సిరాతో పంతొమ్మిది రాశాను.
తిరుమలై తొంగిచూశాడు:
"పంతొమ్మిదంటే పాసేనా సార్?"
ముప్పై ఆరు రావాలి, అన్నాను.
ఆయన వెనకే లిఫ్టులోంచి మెరుగుపెట్టే యంత్రం దిగింది,
గుండ్రంగా, రొదగా, తన పనిలో తాను.

పెంచలమ్మ చెప్పు తొడుక్కుంది.
పలకల మీద కాదు,
పలకా పలకా కలిసే గరుకు గీత మీద
బొటనవేలు నొక్కుకుంటూ బయల్దేరింది.

అతుకుల మీద కొలవరాదని
నా పుస్తకంలో రాసి ఉంది.
షూ చేత్తో పట్టుకుని
ఆ గీత వెంటే నేనూ మెట్లదాకా వెళ్లాను.