ఎర

కళింగపట్నం. పొద్దున ఆరు.
సూరాడ కొర్లయ్య రొయ్యపిల్లని రెండుగా గిల్లి
గాలానికి గుచ్చుతున్నాడు,
ముల్లు కనపడకుండా,
పసిదానికి బెల్లంలో మందు పెట్టినంత ఒద్దికగా.

చీటీల కంపెనీ మీద అర్జీ రాసి తెచ్చాను
అతని వేలిముద్ర కోసం.
నలభై రెండు వేలు. మూడేళ్ళ చేపలు.
రాత్రి మోసం అనే మాట దగ్గర
నా పెన్ను ఆగిపోయింది.
ఎన్ని అర్జీల్లో నలిగిందో,
చెల్లని రూపాయిలా చప్పుడే లేదు దానికి.

మా కాలేజీ లైబ్రరీలో
అట్ట ఊడిన నిఘంటువు ఒకటుంది.
పాతకాలం గ్రీకులు దొలొస్ అనేవారట.
పన్నాగమని, కుట్ర అని,
కోట తలుపులు తీసి తామే లోపలికి లాక్కున్న
కొయ్యగుర్రమని.
అసలు అర్థం మాత్రం
చేపకి వేసే ఎర.

చెప్పాను. కొర్లయ్య చెయ్యి ఆగలేదు.
"ఆలూ ఏటకెల్లినోలేనా బాబూ?"
అవును, చుట్టూ సముద్రమే.
"అదీ సంగతి.
ఒడ్డు మీదోడికి అది మోసం.
నీల్లలోనోడికి తిండి."

ఇంకో మాట ఉంది. అతనికి చెప్పలేదు.
అపాతే. రాత్రి కన్న కూతురు.
నాటకం చూస్తుంటే మనసుని కమ్మేదానికీ
వాళ్ళు అదే పేరు పెట్టుకున్నారు.
మొన్న గార దగ్గర తూర్పు భాగవతం:
పగలు డిపోలో బియ్యం తూచే తవిటినాయుడు
(కిలోకి యాభై గ్రాములు అతనివే)
జడ ముందుకేసుకుని అలిగితే
మద్దెల బతిమాలింది.
ఆ తూకం తెలిసిన ఆడవాళ్ళే
కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.
తెల్లారాక లెక్క చూసుకుంటే
ఎవరికీ ఏమీ తగ్గలేదు.

"సీటీల కుర్రోడు మంచోడే," అంటున్నాడు కొర్లయ్య,
"మా ఇంట్లోన గంజి తాగినాడు.
పడవకి సొంత ఇంజను కావాలని
నా ఆడదానికీ సెప్పనేదు నాను.
ఆడికెలాగ తెలిసిపోనాదో."

మోసం కొట్టేసి ఎర అని రాద్దామనుకున్నాను.
స్టేషన్లో ఆ పేరుతో సెక్షన్ లేదు.

బొటనవేలు లుంగీకి తుడుచుకుని
ముద్ర వేశాడు. కాగితమంతా రొయ్య వాసన.
పడవ తోస్తూ వెనక్కి తిరిగి
"డబ్బులొస్తాయా బాబూ?" అన్నాడు.

వస్తాయి, అన్నాను,
ముల్లు కనపడకుండా.