ఎడమ చెయ్యి

తెల్లారుజామున నాలుగింటికి
నిప్పుల బావిలోకి నడుం దాకా వంగుతాను.
మట్టిగోడకి పిండి చరిచి
కనుబొమలు కాలేలోగా పైకి లేస్తాను.
ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని.
కుతాయిసిలో మా వీధి వీధంతా
నా రొట్టె కొసలు కొరుక్కుంటూ ఇంటికెళ్తుంది.
నేను మాత్రం మధ్యలో మెత్తటి ముక్క,
అదీ కుడివైపు.

ఎడమ దవడ, వెనకనుంచి రెండోది.
అద్దె ఎగ్గొట్టి కదలని మనిషిని భరించినట్టు
పదకొండేళ్ళు భరించాను.
లవంగం నొక్కిపెట్టాను, ద్రాక్షసారా పుక్కిలించాను,
రాత్రిళ్ళు చల్లటి గోడకి చెంప ఆనించి
అది నిద్రపోయేదాకా నేను మేలుకున్నాను.

మా ఆయన జుంబెర్ నవ్వాడు:
"నిప్పులో తలపెట్టే దానివి
కుర్చీకి భయమేమిటే?"
నిప్పు సంగతి నాకు తెలుసు.
నిప్పు నన్ను నోరు తెరవమనదు.

రెండో తరగతిలో
తెల్లకోటు ఆవిడ బడికి వచ్చేది.
మా ఇంటిపేరు అక్షరమాల చివర్లో.
అందరి ఏడుపులూ విన్నాక గానీ నా వంతు రాదు.
కుట్టుమిషన్‌లా కాలితో తొక్కే యంత్రం.
ఆ కాలు ఆగితే నొప్పి ఆగుతుందని
చూసి అర్థం చేసుకున్నాను.
చెయ్యెత్తాను.
చెయ్యెత్తితే ఆగి వింటారని
ఆ బడిలోనే కదా నేర్పింది!
నర్సు నా చెయ్యి అందుకుని
పిండిముద్దలా ఒళ్ళో అదిమిపెట్టింది.
కాలు ఆగలేదు.

మొదటిసారి ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి
పొద్దుతిరుగుడు గింజలు కొనుక్కొని వచ్చేశాను,
నమల్లేనని తెలిసీ.
రెండోసారి లోపల కూర్చున్నాను.
అదే వాసన, లవంగ నూనె, రబ్బరు.
నన్నడక్కుండానే కాళ్ళు మెట్లు దిగడం మొదలెట్టాయి.
డాక్టరు నెస్తాన్, నా కూతురి ఈడు పిల్ల,
చెప్పులతోనే వెంట పరిగెత్తుకొచ్చి
నా పక్కన మెట్టు మీద కూలబడింది.
భయపడకండి అనలేదు.
"ఎవరు చేశారు?" అంది.

నలభై ఎనిమిదేళ్ళుగా ఎవరూ అడగలేదు.

ఆ రోజు కుర్చీలో ఊరికే కూర్చున్నాను,
నోరు మూసుకునే.
డబ్బు తీసుకోలేదు, రొట్టె తీసుకుంది.

తర్వాతి వారం అంది:
"ఎడమ చెయ్యెత్తండి, ఆపేస్తాను.
ఎందుకని అడగను."
యంత్రం మొదలైంది.
మత్తుసూది వల్ల నొప్పేం లేదు.
అయినా చెయ్యెత్తాను.

ఆగింది.

కిటికీ అవతల రియోని నది చప్పుడు.
అంతసేపూ అది పారుతూనే ఉందా?
దించాను. మొదలైంది. ఎత్తాను. ఆగింది.
ఏడుసార్లు.
ఆరోసారి నాకే సిగ్గేసింది,
ఏడోసారి మాత్రం
జవాబు తెలిసిన పిల్లలా ఎత్తాను.
కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే
ఆమె తుడవలేదు, చూడనట్టు
కిటికీ వైపు తిరిగింది.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు.
అన్నవాళ్ళ పళ్ళు గట్టివై ఉంటాయి.
రాయి ఏదైనా ఒకటే కావచ్చు,
పట్టుకున్న చెయ్యి ఒకటి కాదు.

పన్ను మిగిలింది. భయమూ కొంత మిగిలింది.
గురువారం పైవరసలో ఇంకోటుంది,
మెట్ల దగ్గర కాళ్ళు మళ్ళీ మొరాయిస్తాయి,
వాటితో మాట్లాడుకోవాలి.

ఈ పొద్దున మాత్రం
మొదటి వాయి రొట్టె తీసి
కాలిన కొస విరిచి
ఎడమవైపు పెట్టుకున్నాను.
పక్కగదిలోంచి జుంబెర్ కేకేశాడు
ఏమిటా చప్పుడని.
నోటినిండా ఉంది,
చెయ్యెత్తాను, ఆగమని.