మొహమాటం లేని గింజ

ఫీజు కట్టడమంటే మా ఇంట్లో రెండు పనులు.
జూన్‌లో బడికి అమ్మ కట్టేది.
మిగతా పదకొండు నెలలూ
కంచరపాలెం వీధుల్లో నాన్న కట్టేవాడు.
పింగాణీ కట్టు లాగి,
పంటితో తీగ తెంపి,
రెండు మరలకీ ఒక్కో చుట్టు.
"వొచ్చీసింది!" అని వీధి వీధంతా అరిచేది.
ఆ అరుపే ఆయన జీతంలో సగం.

ఇప్పుడు నేను పోర్టులో,
ఓడల రాకపోకలు చూసే టవరులో రాత్రి డ్యూటీ.
అద్దాలకవతల నల్లటి నీళ్ళ మీద
లంగరేసిన పన్నెండు దీపాలు
వంతు కోసం కూర్చున్నాయి.
అద్దాలకివతల నా రాక్.
ఒకే కరెంటు పట్టె మీద పద్నాలుగు కార్డులు,
ఒక్క కొళాయి దగ్గర పద్నాలుగు బిందెల్లాగ.

రెండూ నలభైకి తొమ్మిదో కార్డు మూగబోయింది.
రాక్ ఆపడానికి లేదు.
డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఒక బొగ్గు ఓడ
ఛానెల్లోకి మలుపు తిరుగుతోంది,
పైలట్ గొంతు స్పీకర్లో గరగరమంటోంది.
బతికున్న రాక్ లోంచే పాతది లాగాలి,
బతికున్న రాక్ లోకే కొత్తది తోయాలి.

కొత్త కార్డు ఆకలితో వస్తుంది.
దాని కెపాసిటర్లన్నీ ఖాళీ కడుపులు.
తలుపు బార్లా తీశామా
పక్కవాళ్ళ విస్తళ్ళు కూడా లాగేసుకుంటాయి.
అందుకే కార్డు గుమ్మంలో ఒక చిప్,
నువ్వుగింజ కంటే పిసరంత పెద్దది,
ఎలక్ట్రానిక్ ఫ్యూజు అంటారు.
ముందు సన్నటి సందు,
తర్వాత బెత్తెడు,
కడుపులు నిండేకొద్దీ మొత్తం.
ఉపవాసమున్నవాళ్ళకి అమ్మ
ముందు గంజితేట పోసినట్టు.

తోశాను.
పచ్చది కాదు, ఎర్ర దీపం.
స్పేర్ల బీరువాలోనే ఉప్పుగాలి తిని
లోపల ఎక్కడో
కలవకూడని రెండు దారులు కలిసిపోయాయి కాబోలు.
రెప్పపాటుని లక్ష ముక్కలు చేస్తే
అందులో ఒకటో రెండో ముక్కల్లో
గింజ తలుపు మూసేసింది.
పొగ లేదు, వాసన లేదు.
మిగతా పదమూడింటికీ
ఏం జరగబోయిందో తెలీనే తెలీదు.
రెండో స్పేరు తోస్తే పచ్చ దీపం.
ఓడ మలుపు తిరిగింది.

నాకు మాత్రం
అప్పలకొండ గారింట్లో పెళ్ళి గుర్తొచ్చింది.
సీరియల్ సెట్లు, గ్రైండరు, మైకు,
అన్నీ ఒక్క మీటరు మీదే.
మూడోసారి ఫీజు పోయినప్పుడు
ఆ పెద్దాయన నాన్న గడ్డం పట్టుకున్నాడు.
"ఈ రేత్రికి గట్టెక్కించీరా పైడియ్యా, పరువు."
నాన్న రెండు పోగులు మెలేసి కట్టాడు.
తెల్లవారుజామున బోర్డు అంటుకుంది,
దాని వెనక తడిక,
తడిక వెనక వంటపాక.
మనుషులు బయటపడ్డారు.
నాన్న బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు.

ఈ గింజకి గడ్డం లేదు పట్టుకోడానికి.
ఎంతవరకో చెప్పే రెసిస్టరుని
ఫ్యాక్టరీలోనే టంకం పెట్టేశారు.
పెళ్ళైనా చావైనా దానికి అదే లెక్క.

రిజిస్టర్లో రాసి, సంతకం పెట్టి,
రిపేరుకి పంపేలోగా ఒక్క పూట
ఆ కార్డుని టిఫిను సంచీలో ఇంటికి తెచ్చాను.
నాన్న అద్దాలు పెట్టుకున్నాడు.
ముందు వాసన చూశాడు.
మసి కోసం అటూ ఇటూ తిప్పాడు.
"కాలినాదేటమ్మీ?"
"కాలలేదు నాన్నా. మూసుకుందంతే."
"మరి మళ్ళీ ఎవురు కట్టాలి?"
"కట్టక్కర్లేదు. తప్పు సరిచేస్తే దానంతటదే తెరుచుకుంటుంది."

చాలాసేపు మాట్లాడలేదు.
వంగని బొటనవేలితో
గింజని ఒకసారి తడిమాడు.
"ఇది కాదనీసినా
ఎవురూ ఏటీ అనరా?"
అన్నాడు.