అంగుళం బొగ్గు

వన్‌టౌన్‌ మెయిన్‌రోడ్డులో కాలిన మేడకి
ఎర్రరంగుతో నంబరేశారు: పదిహేడు.
కింద గోనెసంచుల గోడౌను,
పైన టైపు ఇన్‌స్టిట్యూటు.
మూడు రోజులు ఆరలేదట.

నా చేతిలో కాగితం. రెండే గళ్లు:
ఉంచేది, కూల్చేది.
రోడ్డువైపు గోడ ఉంచుతారు, కమానులతో సహా.
దాని వెనక తొమ్మిది అంతస్తుల అద్దం.
మొహం ఒక్కటీ దాచుకుని
ఒళ్లంతా మార్చుకోవడం.

మొల్లి సన్నయ్య మేస్త్రి నిచ్చెనెక్కి
దూలాన్ని బాడితతో చెక్కాడు.
రాలింది అంగుళం బొగ్గు, అంతే.
"రంగూను టేకు బాబూ. పైన మాడింది గానీ
లోన ఏటీ అవలేదు. వోసన సూడండి."

చూశాను.
తడిమసి, హార్బరు దుమ్ము, ఎండుచేపలు,
వాటన్నిటి అడుగున నూనెవాసన,
నిన్ననే ఓడ దిగినట్టు.

మూల టైపుమిషన్ల మీటలు
వంగి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.
ఏ ఎస్ డి ఎఫ్,
ఇక్కడే నేర్చుకున్నాను, కీబోర్డు చూడకుండా.
అది ఏ గడిలోకీ రాదు.

దూలమూ రాదు. కాగితంలో దూలమే లేదు.

"బేగి రాసీండి బాబూ,
పొక్లెయినుకి గంటల్లెక్క."

కిందపడ్డ బొగ్గుముక్క తీసి
పక్కన మూడో గడి గీశాను.
దానికేం పేరు పెట్టాలో
ఇంకా తెలీలేదు.
వేళ్లు మాత్రం నల్లబడ్డాయి.