ఎడమ చేయి బాకీ

ఎర్సీలియా దగ్గర పనికి చేరిన మొదటి నెల
నా చేతికి కత్తెర ఇవ్వలేదు.
పాత అంగీల చేతులు విప్పమంది, అంతే.
ఒక్కో టాకా తెంపుతూ వెనక్కి నడిచిపోతే
కుట్టినవాళ్ళు ఎక్కడ విసుక్కున్నారో
ఎక్కడ లేచి దీపం వెలిగించుకున్నారో తెలిసిపోయేది.

కొండను కోసి పాలరాయి అమ్ముకునే ఊరు మాది.
కిటికీ తీస్తే బట్టల మీద తెల్లటి పొడి,
సుద్దగీత ఏదో దుమ్ము ఏదో పోల్చుకోలేం.
ఏటా సెప్టెంబరులో ఒక ఆదివారం
అయిదొందల ఏళ్ళ కిందటి బట్టలు తొడుక్కుని
ఊరు ఊరంతా వీధిలో నడుస్తుంది:
రొట్టెలు కాల్చేవాడు న్యాయాధికారి,
పోస్టాఫీసు పిల్ల దొరసాని.
నూట పద్నాలుగు మందికి చేతులు కుట్టేది మేమిద్దరం.

ఆ కాలంలో చేతులు అంగీతో పుట్టేవి కావు.
విడిగా కుట్టి, భుజం దగ్గర నాడాలతో కట్టుకునేవాళ్ళు.
ముళ్ళ సందుల్లోంచి లోపలి తెల్లచొక్కా
పాలపొంగులా బయటికొచ్చేది.
డబ్బు అవసరమైతే ఒక జత చేతులు తాకట్టు పెట్టేవాళ్ళట.
"మెడలూ నడుములూ ఎవరైనా కుడతారు" అంటుంది ఎర్సీలియా
పెదాల మధ్య మూడు గుండుసూదులతో,
"మనిషి బతికేది చేతుల్లో."

చంక ఎంత పైకి, ఎంత బిగువుగా కోస్తే
చేయి అంత హాయిగా లేస్తుంది.
వదులు చేసి సుఖపెట్టాననుకున్నప్పుడల్లా
చేయెత్తగానే అంగీ మొత్తం వెంట లేచి వచ్చేది.
ఇది నా బుర్రకెక్కడానికి ఏడు చొక్కాలు పాడయ్యాయి.

ఈసారి జెండా మోసేది ఒరెస్తే.
గనిలో ముప్పై ఏళ్ళు బండలకు తాళ్ళు బిగించినవాడు.
టేపు పెడితే ఊపిరి బిగబట్టాడు.
రెండు చేతులూ ఒకటే కొలత.
రేగుపండు రంగు మఖమల్, లోపల నార అస్తరు,
తెల్లదారంతో పెద్ద టాకాలు వేసి తొడిగి చూశాం.

కుడిది చర్మంలా కూర్చుంది.
ఎడమదానిలో భుజం నుంచి మోచేతికి
ఏటవాలుగా ఒక ముడత.
సాగదీశాను. విప్పి ఇస్త్రీ చేశాను. మళ్ళీ అదే ముడత.
నా కుట్టే తప్పని చెవులు కాలిపోయాయి.
ఎర్సీలియా ముడత మీద వేలు పెట్టి
అది ఎటు చూపిస్తోందో అటు చూసింది.
"ఎంతవరకు లేస్తుంది?"
బట్టను అడిగిందో మనిషిని అడిగిందో నాకు తెలియలేదు.
"ఇంతవరకు" అన్నాడు ఒరెస్తే.
భుజానికి బెత్తెడు కిందే ఆగిపోయింది చేయి.
"ఎప్పట్నించి?"
"తాడు తెగిన రోజు నుంచి."
"ఇంట్లో తెలుసా?"
"పై అరల్లో ఏమీ పెట్టం మేం."

ఇంకేం అడగలేదు ఆమె.
కుట్టు విప్పి, చేతిని బొటనవేలు వెడల్పున
ముందుకు తిప్పింది.
అరచేతిలో పట్టేంత చదరపు ముక్క ఒకటి
చంక కింద మూలకోణంగా అతికింది.
జెండా కర్ర కుడివైపుకు మార్చమని
ఊరేగింపు పెద్దకు చీటీ పంపింది, కారణం రాయలేదు.
ఒరెస్తే అద్దం వైపు చూడనేలేదు.
ఎడమ చేత్తో జేబులోంచి రుమాలు తీశాడు,
పెట్టాడు,
మళ్ళీ తీశాడు.

ఊరేగింపులో అతన్ని నేను చూడలేదు.
న్యాయాధికారి భుజం నాడా తెగిపోతే
చేపలకొట్టు సందులో మోకాళ్ళ మీద కూచుని
కాజా బాగుచేస్తున్నాను. చప్పట్లు వినిపించాయి, అంతే.

సోమవారం బట్టలు తిరిగొచ్చాయి.
ఒరెస్తే మూటలో అంగీ ఉంది, మేజోళ్ళున్నాయి,
కుడి చేయి ఉంది.
మూట రెండుసార్లు దులిపాను.
ఎర్సీలియా కళ్ళద్దాలు తుడుచుకుని
"ఎడమ చేయి: బాకీ" అని పద్దు రాసి పేజీ తిప్పేసింది.

డిసెంబరులో సంతలో కనిపించాడు.
తక్కెడ అవతలి ఉల్లిపాయల కోసం ఎడమ చేయి చాస్తుంటే
కోటు అంచు కింద
రెండు వేళ్ళ మేర రేగుపండు రంగు.
నేను గుమ్మడికాయల వైపు తిరిగి
ధర అడుగుతూ నిలబడ్డాను,
కొనేదాన్ని కాకపోయినా.